అనంతపురానికి కొత్తగా చదువుకు వచ్చినవాళ్లకు: చేయవలసినవి - చేయకూడనివి

ఇటుకలపల్లి దగ్గర 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, ఊళ్లో జేఎన్‌టీయూ, బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం. వీటి పుణ్యమా అని ఏటా ఎక్కడెక్కడి పిల్లలో అనంతపురం బస్టాండులో పెట్టేబేడాతో దిగుతారు. బయల్దేరేటప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పి పంపే మాట ఒకటే: "అక్కడ నీళ్లుండవంట, చూసుకో." ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. అయితే కొత్తవాళ్ల ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు నీళ్లున్న చోటే.

నీళ్ల దగ్గర

ఇక్కడి వంకలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకదారులు. మేకలు నడుస్తాయి, బైకులు నడుస్తాయి. పైన ఎక్కడో రెండు గంటలు కురిస్తే అదే వంక చెట్లను దొర్లించుకుంటూ వస్తుంది. 2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి వరదలో చిక్కిన పది మందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి గట్టెక్కించింది. మరుసటి ఏడాది అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలే మునిగాయి. కరువు జిల్లా అనుకుని ధీమాగా ఉంటే ఇలాగే ఉంటుంది.

చేయండి: రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగండి. అక్కడ నిలబడ్డ ఊరివాళ్లను అడగండి. "అన్నా, దాటొచ్చునా?" అంటే "ఉండప్పా, కాసేపు తగ్గనీ" అంటారు. ఆ కాసేపు గంటయినా సరే, రెండు గంటలైనా సరే. నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు.

వద్దు: తుంగభద్ర ఎగువ కాలువలో, హంద్రీ-నీవా కాలువలో ఈతకు దిగొద్దు. ఒడ్డున కూర్చుంటే ప్రవాహం నెమ్మదిగానే కనిపిస్తుంది. సిమెంటు లైనింగ్ చేసిన చోట గట్టు ఏటవాలుగా ఉంటుంది, నీటి అంచున పాచి పట్టి ఉంటుంది. దిగడం తేలికే. ఎక్కబోతే చేతికి పట్టు దొరకదు, కాలు నిలవదు. గజ ఈతగాళ్లకూ అదే గతి. స్నేహితుడు జారితే వెనకే దూకొద్దు. ఒకరి వెనక ఒకరు దూకడం వల్లే ఒక్క ప్రాణం పోవలసిన చోట రెండు మూడు పోతాయి. తాడో, దుప్పటో, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానో విసిరి, కేకలు వేసి మనుషులను పిలవండి. పొలాల్లో గట్టులేని పాత దిగుడుబావులుంటాయి, చీకట్లో అడ్డదారులు పట్టొద్దు.

తాగే నీళ్ల సంగతి వేరు. జిల్లాలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. అద్దెగది తీసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందే తాగునీళ్లు ఎక్కడివని అడగాలి.

ఎండ

ఫిబ్రవరి చివర మొదలవుతుంది, పరీక్షల నాటికి నలభై డిగ్రీలు దాటుతుంది. ఇక్కడి ఎండ పొడి ఎండ. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేసేదాకా ఆగొద్దు. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, రాగి అంబలి తాగండి. కూల్‌డ్రింకు వీటికి సాటి రాదు. క్రికెట్ పొద్దున ఎనిమిదిలోపు ముగించండి. ఒళ్లు కాలిపోతూ ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, ఒంటిని తడిబట్టతో తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు.

పురుగూ పుట్రా

క్యాంపస్‌లు రాళ్ల మధ్య, కంపచెట్ల మధ్య ఉన్నవి. బూట్లు దులిపి వేసుకోవడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోండి. నల్లటి పెద్ద మండ్రగబ్బను చూసి అందరూ గంతులేస్తారు. దానికంటే చిన్న ఎర్రతేలు ఎక్కువ ప్రమాదం. అది కుట్టాక చెమటలు కారినా, వాంతులైనా, ఆయాసం వచ్చినా మంత్రాలకు పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఉక్కపోతకు నేల మీద పడుకునేవాళ్లు దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కరిచినా నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతుంటే గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టొద్దు. పాముకాటుకు కట్టు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు, పామును వెతుకుతూ కాలం వృథా చేయొద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కరిచిన కాలినో చేతినో కదలనీయకుండా అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సీనియర్లు

పేరూ ఊరూ అడగడం, క్యాంటీన్‌లో టీ తాగించుకోవడం వరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అంతకు మించి అవమానించినా, చెయ్యి చేసుకున్నా, డబ్బు లాగినా, రాత్రుళ్లు గదికి పిలిచినా అది ర్యాగింగే. రాష్ట్రంలో 1997 నుంచి దానికి చట్టం ఉంది, యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి. 1800-180-5522 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. "ఓర్చుకుంటే ఒక నెలలో అదే పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు. వాళ్లు ఓర్చుకున్నారు గనకే అది మీదాకా వచ్చింది.

ఇంటి మీద బెంగ మామూలే. రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర కుదరకపోతే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

డబ్బు

"నీ బ్యాంకు ఖాతా ఒక నెల వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని తీయగా చెప్పే అన్న ఒకడు తగులుతాడు. ఇవ్వొద్దు. మోసపు సొమ్ము మీ ఖాతాలో తిరిగితే పోలీసులు వచ్చేది మీ గదికే. మీ డబ్బే పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

తిరుగుళ్లు

తిరగాలి. సెలవురోజు గదిలో ఫోను చూస్తూ గడిపేవాడికి ఈ సీమ తెలియదు. గుత్తి కోట పొద్దున్నే ఎక్కండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, తొమ్మిదయితే రాళ్లు కాలతాయి. పైన మురారిరావు గద్దె అనే చిన్న మండపం సరిగ్గా కొండ అంచున ఉంటుంది. అక్కడ గాలి కూడా జోరే. ఫోటో కావాలంటే లోపల నిలబడి తీసుకోండి. గండికోటలో పెన్నా లోయ అంచుల మీద చాలాచోట్ల కంచె ఉండదు, అక్కడ వెనక్కి అడుగులు వేస్తూ సెల్ఫీలు తీయొద్దు. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి. హైవే మీద బైకుకు ఇద్దరే, ఇద్దరికీ హెల్మెట్లు.

తిండి

ఉగ్గాని బజ్జీ, రాగి సంగటి తినకుండా డిగ్రీ పట్టా తీసుకోవద్దు. చెనిక్కాయలు (వేరుశనగలు) పడనివాళ్లు మాత్రం మొదటిరోజే మెస్సులో వంటాయనకు చెప్పండి, గదిలో తోటివాళ్లకూ చెప్పండి. ఇక్కడ చట్నీలో చెనిక్కాయే, పొడిలో చెనిక్కాయే, గుత్తివంకాయలో చెనిక్కాయే, వంట కూడా చాలాచోట్ల ఆ నూనెతోనే. తిన్న కాసేపటికి పెదాలు ఉబ్బి, గొంతు బిగిస్తే 108 ఆలస్యం చేయొద్దు. పడేవాళ్లకు ఒకే జాగ్రత్త: పంట రోజుల్లో పొలంలో కంపమంట మీద కాల్చి పెడతారు, తినండి. చేదు తగిలిన గింజ, బూజు పట్టిన గింజ మాత్రం మొహమాటపడకుండా ఉమ్మేయండి, కాల్చినా దాని విషం పూర్తిగా పోదు.