కొల్లేరు నీళ్లను పరీక్షించే కొలువులు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రికి వచ్చినవారు 600 దాటారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ వైద్యులు గుర్తించారు. జాతీయ పోషకాహార సంస్థ, నీరి, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థల బృందాలు ఊళ్లోకి దిగి నమూనాలు పట్టుకెళ్లాయి. చివరికి అనుమానం పురుగుమందుల అవశేషాల మీదే ఎక్కువగా నిలిచింది. నమూనాను పద్ధతిగా తీసి, పరీక్షించి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు రాసే మనిషి విలువ ఆ రోజుల్లో ఊరందరికీ తెలిసొచ్చింది. ఆ పని చేసేవాళ్లకు ప్రభుత్వంలో ఉద్యోగాలున్నాయి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఆ పోస్టుల పేర్లు కూడా తెలియవు.

ఈ ఉద్యోగాలకు మూలం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం. దాని కిందే ఢిల్లీలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, రాష్ట్రాల్లో రాష్ట్ర మండళ్లు వచ్చాయి. మన రాష్ట్ర మండలికి ఏలూరులో ప్రాంతీయ కార్యాలయం ఉంది. పామాయిల్ మిల్లు పెట్టాలన్నా, రైస్ మిల్లు నడపాలన్నా, మందుల ఫ్యాక్టరీ కట్టాలన్నా మండలి అనుమతి తీసుకోవాలి. కట్టే ముందు ఒకటి, నడపడానికి ఇంకొకటి. తనిఖీకి వెళ్లేది అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు (ఏఈఈ), ల్యాబ్‌లో నమూనా చూసేది అనలిస్ట్ గ్రేడ్-2. రెండు పోస్టులనూ ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. మొదటిదానికి సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ లాంటి బ్రాంచిల్లో ఇంజినీరింగ్ చదివుండాలి. రెండోదానికి కెమిస్ట్రీ, పర్యావరణ శాస్త్రం లాంటి సబ్జెక్టుల్లో పీజీ అడుగుతారు.

ఖాళీలు మాత్రం పదుల్లోనే ఉంటాయి. ఒక నోటిఫికేషన్‌కీ ఇంకో నోటిఫికేషన్‌కీ మధ్య ఏళ్లు గడిచిపోతాయి. అందుకే దీనొక్కదాని కోసం కోచింగ్ సెంటర్లో నాలుగేళ్లు కూర్చోవద్దని గట్టిగా చెబుతాను. ముందు పని నేర్చుకోండి.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. నీటిలో కరిగిన ఆక్సిజన్ చూడాలంటే, 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నీళ్లు పట్టాలి. ల్యాబ్‌కి తెచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ కలిపి మూత బిగించి తిప్పాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ఆ సీసాను ల్యాబ్‌కి తెచ్చి ఎంత ఉందో లెక్కకడతారు. బీఓడీ, అంటే నీటిలోని మురికిని అరిగించడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క, కావాలంటే అదే నీటిని ఇంకో సీసాలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి మళ్లీ చూస్తారు. శుద్ధి చేసి కాలువలోకి వదిలే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణ ప్రమాణం. సీసా మీద తేదీ, చోటు, సమయం రాయకపోతే పడిన శ్రమంతా వృథా, కోర్టులో ఆ కాగితం నిలవదు. ఈ పరీక్షలు చేతికి అలవాటయ్యేందుకు మన ప్రాంతంలో ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. రొయ్యల చెరువుల నీళ్లు రోజూ అక్కడికి వస్తూనే ఉంటాయి. కొన్నాళ్లు అక్కడ జీతానికి పనిచేసినా చాలు, సీసా పట్టిన చెయ్యి తడబడదు.

బీటెక్ పిల్లలకు గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ విడిగా ఉంది. తాడేపల్లిగూడెం నిట్‌లో సివిల్, కెమికల్ రెండు బ్రాంచీలూ ఉన్నాయి. కేంద్ర మండలిలో సైంటిస్ట్-బి ఈ చదువుకు తగిన పెద్ద పోస్టు.

కొల్లేరు సంగతి కొంచెం వేరు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ సరస్సులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. పైన ఊళ్లు వదిలిందంతా కింద కొల్లేరు మోయాలి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఈ అభయారణ్యాన్ని చూసేది అటవీశాఖ. ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికన్ల మధ్య పనిచేయాలనుకునేవాళ్లు బీట్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పరీక్షల వైపు చూడాలి. దేహదారుఢ్యం ఇప్పటినుంచే పెంచుకోవాలి.

చెత్త విషయానికొస్తే మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్, వార్డు సచివాలయంలో 2019 నుంచి శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉన్నారు. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. షెడ్డు కట్టడం తేలిక, తడి చెత్తా పొడి చెత్తా వేరుగా రప్పించి దాన్ని నడపడమే కష్టం. అది నడిపి చూపించిన కుర్రాడికి ఏ సర్టిఫికెట్టూ సాటిరాదు.

పదో తరగతితో ఆపేసినవాళ్లకూ దారి ఉంది. ప్లాస్టిక్, బ్యాటరీ, ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీదారులే తమ వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యత మోయాలని 2022లో నిబంధనలు బిగించారు. కంపెనీలు కేంద్ర మండలి పోర్టల్‌లో నమోదై, రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. దాంతో రీసైక్లింగ్ యూనిట్లకు లెక్క రాసేవాళ్లు, యంత్రం తెలిసినవాళ్లు కావాలి. విజయవాడ సీపెట్‌లో పదో తరగతి తర్వాత ప్లాస్టిక్ టెక్నాలజీ డిప్లొమాలు ఉన్నాయి.

ఈలోగా రూపాయి ఖర్చు లేని పాఠం ఒకటుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులు చాలావాటికి కాలుష్య మండలే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వస్తుంది, ప్రాజెక్టు ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో దొరుకుతుంది. దాన్ని ముందే చదివి, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారో, ఎక్కడికి వదులుతారో గుర్తుపెట్టుకుని వెళ్లి కూర్చోండి. మాట్లాడే హక్కు మీకూ ఉంటుంది. సభ ముగిసే ముందు జనం లేవనెత్తిన అంశాలన్నీ తెలుగులో చదివి వినిపిస్తారు. మీరు రాసుకున్నవాటితో వాటిని సరిచూసుకోండి.