తమ్ముణ్ణి ఎవరు దింపాలి?

వదినా, బడుల విలీనం జరిగిన ఏడాది మాట. దసరాకి ముందు పుట్టింటికెళ్తే, పక్కింటి ఐదో తరగతి పిల్ల పదకొండింటికి అరుగు మీద బియ్యం ఏరుతూ కనబడింది. "బడి లేదటే?" అంటే "తమ్ముడికి జొరం" అంది. తమ్ముడేమో వీధిలో గోళీలాడుతున్నాడు!

2022 జూన్‌లో ఆంధ్రలో జీవో 117 వచ్చింది గుర్తుందా? కిలోమీటరులోపు హైస్కూలుంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు అక్కడికి. ఒకటీ రెండూ ఉన్నచోటే. ఒక్క టీచరే ఐదు తరగతులూ లాక్కొచ్చే బడి చూశాక, సబ్జెక్టుకో టీచరంటే నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

కానీ ఆ ఇంట్లో జరిగింది విను. వాళ్లమ్మ ఏడింటికల్లా కలుపు కూలికి పోతుంది. ఇన్నాళ్లూ అక్కే ఒకటో తరగతి తమ్ముడికి తల దువ్వి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లేది. ఇప్పుడు వాడిది రామాలయం పక్కన, ఈ పిల్లది లారీలు తిరిగే రోడ్డుకి ఆవల. వాణ్ణి దింపి పరిగెత్తేసరికి ప్రార్థన అయిపోయేది. ఆలస్యమని రెండుసార్లు బయట నిలబెట్టారట. మూడోసారి వెళ్లనేలేదు. ముందు సంతరోజు, ఆ తర్వాత వారానికి మూడు రోజులు... మానుతూ మానుతూ మానేసింది. టీసీ తీసుకోలేదు గనక పేరు మాత్రం రిజిస్టరులోనే ఉంది!

కిలోమీటరు కొలిచే టేపుకి లారీలు కనబడవు, తమ్ముళ్లు అసలే కనబడరు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిస్తే హైస్కూళ్లలో వాళ్ల చేరిక బాగా పెరిగింది. దారి అంత పని చేస్తుంది. అయితే మూడో తరగతి పిల్లకి సైకిలిచ్చి హైవే దాటమనలేం కదా.

2025లో ఆ జీవో రద్దయింది. ఈలోగా ప్రైవేటు బడి బస్సెక్కిన పిల్లలు అంత తేలిగ్గా దిగొస్తారా? ఇప్పుడేమో తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ బడులంటున్నారు. మంచిదే, కాకపోతే వాటిల్లోకీ పక్క బడుల పిల్లలే రావాలి.

నువ్వు మీ ఊరి బడి కమిటీలో ఉన్నావు గనక చెబుతున్నా. పిల్లల్ని మోడల్ బడికి పంపే తీర్మానం మీద సంతకం పెట్టేముందు హాజరు పట్టీ తెప్పించు. నెలలో పది రోజులు రాని పిల్లలెవరో, వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏ బడికి పోతున్నారో అడిగి రాసుకో.