ఇంటర్నెట్టు ద్వారా భౌతికశాస్త్ర శిక్షణ - పంచాయతీ కర్తవ్యము

పదవ తరగతి ముగించి ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములను ఎన్నుకొను బాలబాలికలు నేడు మన గ్రామములలో ఎందరో కలరు. వారిలో పెక్కురు తడబడునది భౌతికశాస్త్రమునందే. ఇందుకు కారణములు లేకపోలేదు. పదవ తరగతి వరకు చాలవరకు వర్ణనగా చదివిన విషయము ఇంటర్మీడియట్‌లో లెక్కగా మారును. వేగమును గూర్చిన పాఠముననే కలన గణితము కావలసివచ్చును. గణితపు తరగతిలో ఆ అధ్యాయము అప్పటికి ప్రారంభమైయుండకపోవచ్చును. తెలుగు మాధ్యమమున చదివివచ్చిన వారికి ఆంగ్ల పదములు మరియొక భారము. డిగ్రీ మొదటి సంవత్సరమున చేరినవారికిని ఈ చిక్కు తప్పదు. ఆ నాలుగైదు మాసములలో చేయూత లభింపనిచో, తెలివిగల విద్యార్థి సైతము "ఈ శాస్త్రము నాకు రాదు" అని నిశ్చయించుకొనును. దానితో ఇంజనీరింగు, సైన్సు బోధన, పరిశోధన మున్నగు మార్గములు మూతపడును.

పూర్వము ట్యూషను కావలెనన్న పట్టణమునకు పోవలసియుండెను. ఇప్పుడు ఆ నిర్బంధము లేదు. 2004వ సంవత్సరమున సల్మాన్ ఖాన్ అను యువకుడు అమెరికాలోని బోస్టను నగరమునుండి, దూరమున న్యూ ఆర్లియన్సులోనున్న తన బంధువుల బాలికకు టెలిఫోను, కంప్యూటరుల సహాయమున గణితము చెప్పనారంభించెను. నేడు లోకమంతట పేరొందిన ఖాన్ అకాడమీకి అదియే బీజము. మన దేశమున 2017లో ప్రారంభమైన స్వయం, దీక్షా వేదికలలో పాఠములు ఉచితముగా లభించుచున్నవి. కావున పాఠములకు కొరత లేదు. కొరత మరియొకచోట నున్నది.

చూచుట వేరు, నేర్చుట వేరు

ఇటీవల పర్యటనలో ఒక పంచాయతీ సభ్యుని యింట, ఇంటర్ మొదటి సంవత్సరము చదువుచున్న ఆయన కుమార్తెను చూచితిని. అన్నగారి ఫోను రాత్రి తొమ్మిది గంటలకు గాని ఆమె చేతికి రాదు. అయినను న్యూటను మూడవ నియమముపై పాఠమును మూడుసార్లు చూచినది. బల్లపైనున్న పుస్తకమును చూపి, "దీని బరువునకు ప్రతిచర్య ఏది?" అని అడిగితిని. "బల్ల పైకి నెట్టుట" అని ఆమె చెప్పినది. విద్యార్థులలో చాలమంది చేయు పొరపాటే యిది.

"పుస్తకమును క్రిందికి లాగుచున్నది ఎవరమ్మా?"

"భూమి."

"అటులైన పుస్తకము ఎవరిని లాగవలెను?"

ఆమె కొంతసేపు ఆలోచించి, "భూమినే! పుస్తకము కూడ భూమిని పైకి లాగుచున్నది" అని చిరునవ్వుతో చెప్పినది. మూడుసార్లు చూచినను కలుగని అవగాహన రెండు ప్రశ్నలతో కలిగినది. అంతవరకు ఆమెను అడిగినవారు లేరు. ఇదియే అసలు కొరత.

కావున ఆన్‌లైన్ బోధన యనగా చిత్రమును చూపుట కాదు. బోధకుడు ప్రశ్నింపవలెను, విద్యార్థి కాగితముపై లెక్క చేయవలెను, ఆ కాగితమును బోధకుడు చూడవలెను. ఫోనును పుస్తకముల దొంతరపై నిలిపి, నోటుపుస్తకము కనబడునట్లు వంచినచో ఇది సాధ్యమే. తప్పు ఎచట జరిగినదో తుది జవాబులో తెలియదు, మధ్య పంక్తులలో తెలియును.

దారము, రాయి చాలును

ప్రయోగశాల లేదని విచారింప పనిలేదు. ఒక దారమునకు చిన్న రాయి కట్టి, పైముడి నుండి రాయి నడిమికి ఒక మీటరు ఉండునట్లు వ్రేలాడదీయవలెను. కొద్దిగా ప్రక్కకు లాగి విడిచినచో, పది పూర్తి ఊపులకు సుమారు 20 సెకనులు పట్టును. "10 సెకనులలోనే పది ఊగవలెనన్న దారమెంత యుండవలె?" అని బోధకుడు అడుగును. "అర మీటరు" అనుట సహజము. చేసి చూచినచో 14 సెకనులు వచ్చును. పావు మీటరునకు తగ్గించినపుడు 10 సెకనులు వచ్చును. కాలము సగము కావలెనన్న పొడవు నాలుగవ వంతు కావలెనని పిల్లలు తామే కనుగొందురు. పిదప పుస్తకములోని సూత్రమున వర్గమూలపు గుర్తు ఏల యున్నదో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పంచాయతీ చేయదగినవి

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో విద్యను, గ్రంథాలయములను చేర్చినది. కావున ఈ క్రింది పనులు మన బాధ్యతకు వెలుపలివి కావు.

1. పంచాయతీ కార్యాలయముననో, గ్రంథాలయముననో సాయంకాలము ఒక గదిని, దీపమును, నల్లబల్లను ఏర్పరుపవలెను. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చి పోవునట్లు ఒక పెద్దయైనను అచట ఉండవలెను.

2. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగలను చేర్చుటకై కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. మన కార్యాలయమునకు ఆ తీగ చేరినదా, పనిచేయుచున్నదా విచారించి, లోపమున్నచో లిఖితపూర్వకముగా తెలుపవలెను. సంకేతము బలహీనముగానున్నపుడు ముఖచిత్రమును ఆపి, ధ్వనిని, వ్రాతపలకను మాత్రము ఉంచుకొన్నచో పాఠము సాగును.

3. గ్రామమునుండి పోయి అధ్యాపకులుగా, ఇంజనీర్లుగా, పరిశోధక విద్యార్థులుగా నున్నవారి పట్టికను తయారుచేసి, వారానికి రెండు గంటలు కోరవలెను. అమెరికా తూర్పుతీరమున రాత్రి ఎనిమిదిన్నర యగునప్పటికి, అచటి వేసవికాలమున, మనకు మరునాటి ఉదయము ఆరు గంటలు. నలుగురైదుగురు విద్యార్థులకు ఒకే బోధకుడు, ఒకే వేళ యుండుట మేలు.

4. సొమ్ము చెల్లించి చేరువారిని హెచ్చరింపవలెను. ఒప్పందమును చదువక సంతకము చేయరాదనియు, బ్యాంకు ఖాతానుండి సొమ్ము తనంత తాను పోవు ఏర్పాటునకు అంగీకరింపరాదనియు కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో తల్లిదండ్రులకు సూచించినది. సంవత్సరపు రుసుమునకై అప్పు చేయుటకంటె, ఒక నెల పరీక్షించి చూచుట క్షేమము.

5. ఇంటిలో ఒకే ఫోనున్నపుడు చదువు వేళ అది అమ్మాయికి కూడ దక్కునట్లు తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. ఈ పని సభ్యుల మాటవలననే జరుగును.

బోధకుడు ఎంత దూరముననైనను ఉండవచ్చును. గదియు, దీపమును, నియమిత వేళయు, "నేటి పాఠము ఏమి?" అని ఆప్యాయముగా అడుగు పెద్దయు మాత్రము గ్రామముననే ఉండవలెను. రానున్న సమావేశమున ఈ విషయమును చర్చకు చేర్చి, ఒక గదితోనైనను, నలుగురు విద్యార్థులతోనైనను ఆరంభింతురుగాక!