జీతం లెక్కలో రోడ్డు కూడా ఉంది

పడమటి సిడ్నీలోని బ్లాక్‌టౌన్ వైపు ఉద్యోగం వచ్చిందనగానే మనవాళ్లు జీతమెంతో అడుగుతారు, తర్వాత అద్దె ఎంతో అడుగుతారు. ఆ ఇంటికీ ఆ ఉద్యోగానికీ మధ్య ఉన్న రోడ్డు గురించి అడిగేవాళ్లు తక్కువ. క్వేకర్స్ హిల్, స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్‌లలో ఇల్లు వెతుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ దారిని మ్యాపులో పరిచి చూడండి. టోల్ ఎక్కడ మొదలవుతుందో, పొద్దున ఎండ ఎటునుంచి కొడుతుందో కూడా చూడండి.

ఇక్కడ మన జీవితాలను నడిపే మోటార్‌వేలు రెండు. ఎం4 తూర్పు పడమరలుగా వెళ్తుంది, ఎం7 ఉత్తర దక్షిణాలుగా. రెండూ ఈస్టర్న్ క్రీక్‌లో ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ కూడలి పేరు లైట్ హార్స్ ఇంటర్‌చేంజ్, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆస్ట్రేలియా అశ్వికదళం గుర్తుగా పెట్టింది. ఒకదానిమీద ఒకటిగా నాలుగు అంతస్తుల్లో రోడ్లు. ఎటునుంచి ఎటు తిరగాలన్నా సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు. రోడ్లంటే ఇష్టమున్నవాళ్లు ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్లి చూడదగ్గ కట్టడమిది. కొత్తవాళ్లకైతే ఆ ఆదివారం ప్రయాణం అవసరం కూడా. ఏ ర్యాంపు ఎటు తీసుకెళ్తుందో తీరిగ్గా తెలుసుకోవాలి గానీ, ఉద్యోగంలో చేరే మొదటిరోజు చీకట్లో, వెనక లారీ తరుముతుంటే కాదు.

ఇక టోల్ సంగతి. ఎం4 మీద 2010 ఫిబ్రవరిలో టోల్ ఎత్తేశారు. పరమట్టా, హోమ్‌బుష్ మధ్య రోడ్డు వెడల్పు చేశాక 2017 ఆగస్టులో ఆ ముక్కకు మళ్లీ పెట్టారు. పరమట్టాకు పడమర ఉన్న భాగం మాత్రం ఇప్పటికీ ఉచితమే. కాబట్టి బ్లాక్‌టౌన్ నుంచి సెయింట్ మేరీస్, పెన్రిత్ వైపు ఉద్యోగమైతే టోల్ లేదు. సిటీ వైపైతే పరమట్టా దాటినప్పటి నుంచీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పైగా ఆ ముక్క వెస్ట్‌కనెక్స్ అనే మోటార్‌వేల సముదాయంలో భాగం, దాని టోల్ 2040 దాకా ఏటా కనీసం 4 శాతం పెరిగేలా ఒప్పందముంది. మీ జీతం ఏటా 4 శాతం పెరుగుతుందని మీ ఆఫర్ లెటర్‌లో ఉందా?

ఎం7 తీరు వేరు. 2005 డిసెంబరులో తెరిచిన ఈ 40 కిలోమీటర్ల రోడ్డు మీద మొదటిరోజు నుంచీ టోల్ బూత్ అనేదే లేదు. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు మీద ఎక్కేచోట, దిగేచోట గేట్లుంటాయి. ఇక్కడ తలమీదుండే కెమెరాలు, అద్దానికి అతికించిన ట్యాగూ లెక్క చూసుకుంటాయి. కిలోమీటరుకింత చొప్పున పడుతుంది, 20 కిలోమీటర్లు దాటాక ఇక పెరగదు. అంటే క్వేకర్స్ హిల్ నుంచి ప్రెస్టన్స్ దాకా పోయేవాడికి చివరి కిలోమీటర్లు ఉచితంగా వస్తాయి. రెండు ఎగ్జిట్ల కోసం ఎక్కి దిగేవాడు మాత్రం ప్రతి కిలోమీటరుకూ కడతాడు. మీరు ఆ రెండోరకమైతే టోల్ లేని సన్నీహోల్ట్ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో ఒక వారం చూసుకోండి.

2024 జనవరి నుంచి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఒక ఉపశమనం తెచ్చింది. సొంత ట్యాగు మీద వారానికి 60 డాలర్లు దాటిన టోల్‌ను, 340 డాలర్ల దాకా, వెనక్కి ఇచ్చే పథకమిది. అయితే అడగందే రాదు. సర్వీస్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఖాతాకు మీ ట్యాగును జతచేసి దరఖాస్తు పెట్టాలి. ప్రస్తుత షరతులు కూడా అక్కడే చూసుకోండి. వ్యాపారం పేరిట ఉన్న ట్యాగులకు ఇది వర్తించదు. టాక్స్ విషయంలో కూడా ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే టోల్‌ను మినహాయింపు కింద చూపడానికి లేదు. పనిమీద ఒక సైటు నుంచి ఇంకో సైటుకు వెళ్లినప్పుడు సొంత జేబులోంచి కట్టిన టోల్‌ను చూపొచ్చు. రశీదులు దాచుకోండి.

డబ్బు లెక్కలో కనపడనిది ఎండ. బ్లాక్‌టౌన్ నుంచి సిటీకి వెళ్లేవాళ్లకు పొద్దున సూర్యుడు ఎదురు, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడూ ఎదురే. పెన్రిత్, ఎర్స్‌కిన్ పార్క్ గిడ్డంగుల వైపు వెళ్లేవాళ్లకు రెండుపూటలా వీపు వెనక ఉంటాడు, రద్దీ కూడా ఎదురుదిక్కులోనే ఉంటుంది. జీతం కాస్త తక్కువైనా పడమటి ఉద్యోగాన్ని తేలిగ్గా తీసెయ్యొద్దని నేననేది ఇందుకే.

ఎం4 ఎక్కే ర్యాంపుల మీద సిగ్నళ్లు చూసి చాలామంది విసుక్కుంటారు. మోటార్‌వే ఖాళీగా కనిపిస్తుంటే మమ్మల్నెందుకు ఆపారని. గరాటులో బియ్యం ఒక్కసారి గుమ్మరిస్తే ఇరుక్కుంటాయి, కొద్దికొద్దిగా పోస్తే జారిపోతాయి. ఇరవై కార్లు గుంపుగా వచ్చి కలిస్తే ఎడమ లేన్‌లో బ్రేకులు పడతాయి, ఆ కుదుపు కిలోమీటర్ల దూరం వెనక్కి పాకుతుంది. ఒక్కో పచ్చలైటుకు ఒక్కో బండిని వదలడం దానికోసమే. పైన బోర్డుల మీద మారే వేగ పరిమితి సలహా కాదు, చట్టం. లేన్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు కనిపిస్తే ఆ లేన్ మూసేశారని అర్థం. ముందు మనుషులు పనిచేస్తూ ఉండొచ్చు.

లైసెన్సు సంగతి వాయిదా వెయ్యకండి. తాత్కాలిక వీసా మీద ఇక్కడ నివసించేవాళ్లు ఆరు నెలల్లో న్యూ సౌత్ వేల్స్ లైసెన్సుకు మారాలన్న నిబంధన 2023 జులై 1 నుంచి అమల్లో ఉంది. పర్మనెంట్ రెసిడెంట్లకు గడువు మూడు నెలలే. భారతదేశం గుర్తింపు పొందిన దేశాల జాబితాలో లేదు గనక రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. మనకూ వీళ్లకూ ఎడమవైపు డ్రైవింగే కదా అని క్లాసులు లేకుండా వెళ్లిపోతారు కొందరు. డ్రైవింగ్ పరీక్ష తప్పితే అప్పటిదాకా ఇండియా లైసెన్సు మీద నడిపే వీలు కూడా పోతుంది, లెర్నర్ నుంచి మొదలు పెట్టాలి. లేన్ మారేముందు భుజం మీదుగా తల తిప్పి చూడటం, స్టాప్ గుర్తు దగ్గర చక్రం పూర్తిగా ఆగడం, ఈ రెండూ ఇండియాలో పదేళ్లు నడిపినవాళ్లకే ఎక్కువ సాధన కావాలి.

డెలివరీ, నర్సింగు, గిడ్డంగి షిఫ్టులు చేసేవాళ్లకు లైసెన్సు పోతే పనే పోవచ్చు. పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లకు మూడేళ్లలో 13 డీమెరిట్ (తప్పు) పాయింట్లు పడితే లైసెన్సు సస్పెండవుతుంది. ఫోన్ చేతిలో పట్టుకుంటే 5 పాయింట్లు, పండుగ సెలవుల్లో రెట్టింపై 10. 2019 డిసెంబరు నుంచి దీనికోసం ప్రత్యేక కెమెరాలున్నాయి. ఫోన్‌ను బండి కదలకముందే స్టాండులో పెట్టి దారి సెట్ చేసుకోండి. లెర్నర్, పీ ప్లేట్ (ప్రొవిజనల్ లైసెన్సు) వాళ్లకు ఆ వెసులుబాటు కూడా లేదు.

బాడ్జరీస్ క్రీక్‌లో కొత్త విమానాశ్రయం ఉద్యోగాల మీద ఇప్పుడు చాలామంది కన్ను పడింది. దానికోసం వేసిన 16 కిలోమీటర్ల ఎం12కు టోల్ లేదని విని సంబరపడతారు. కానీ బ్లాక్‌టౌన్ నుంచి ఆ ఎం12ను అందుకోవాలంటే మామూలుగా ఎం7 మీద టోల్ కట్టుకుంటూ వెళ్లాలి. టోల్ లేకుండా వెళ్లాలనుకుంటే ఎం4 మీద పడమరగా వెళ్లి, వెడల్పు చేసిన నార్తర్న్ రోడ్డులోకి దిగి దక్షిణంగా తిరగొచ్చు. ఇంటర్వ్యూకు పిలుపు రాగానే ఈ రెండు దారుల్లోనూ మీ షిఫ్టు మొదలయ్యే వేళకే, పనిరోజున, ఒక్కోసారి నడిపి చూడండి.