మాత్రలో మందు కానిది

గత ఏడాది బదిలీపై కొత్త ఊరు చేరినప్పుడు అమ్మ కూడా మాతో వచ్చింది. పెద్ద మాత్రలు ఆమెకు మింగుడుపడవు. అందుకని ఆమె వేసుకునే చక్కెర వ్యాధి మాత్ర, మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్.ను రోట్లో నూరి మజ్జిగలో కలిపి ఇచ్చాం. నాలుగు రోజుల్లో వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. మందుల దుకాణంలో అడిగితే, పేరు చివర ‘ఎస్.ఆర్.’ ఉన్న మాత్రను నూరకూడదన్నారు. ఎందుకో చెప్పలేదు. తెలుసుకుందామని మేమే సైన్సు మాస్టారి దగ్గర కూర్చున్నాం.

మాత్రలో ఉన్నదంతా మందు కాదు. థైరాయిడ్ మాత్రలో మందు 50 మైక్రోగ్రాములే అనుకోండి. అంటే గ్రాములో ఇరవై వేలవ వంతు! దాన్ని వేళ్ళతో పట్టుకోగలమా? అందుకే ఏ హానీ చేయని పొడులు కలుపుతారు. వాటిలో ముఖ్యమైనది సెల్యులోజు. గడ్డిలో, చెక్కలో, దూదిలో ఉండేది ఇదే. దీన్ని 1838లో గుర్తించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాయెన్. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు దీన్ని అరిగిస్తాయి, మన కడుపు అరిగించలేదు. మాత్రలు చేసేవారికి కావలసిందీ అదే.

1955 ప్రాంతంలో అమెరికాలో బటిస్టా అనే శాస్త్రవేత్త కలప గుజ్జును పలచని ఆమ్లంతో ఉడికించాడు. గుజ్జులో వదులుగా ఉన్న భాగాలు కరిగిపోయి, బిగువైన స్ఫటికాలు మిగిలాయి. ఆ పొడిని గట్టిగా నొక్కితే జిగురు అక్కర్లేకుండానే బిళ్ళ కడుతుంది.

బిళ్ళ కట్టడం ఒక్కటే చాలదు, కడుపులో విడిపోవాలి కూడా. ఆ పనికి క్రాస్‌కార్మెల్లోజు అనే మరో రకం సెల్యులోజు ఉంది. నీరు తగలగానే ఉబ్బి మాత్రను లోపలినుంచి పగలగొడుతుంది. పునాదిలో మొలిచిన రావి మొక్క గోడను చీల్చినట్టన్నమాట, కాకపోతే నిమిషాల్లో.

ఇక మా అమ్మ మాత్ర సంగతి. ఇలాంటి చాలా మాత్రల్లో హైప్రోమెల్లోజు అనే సెల్యులోజు ఉంటుంది. సబ్జా గింజను నీళ్ళలో వేస్తే చుట్టూ జిగట పొర కడుతుంది కదా, ఇదీ అంతే. ఆ పొరలోంచి మందు గంటల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. మేము రోట్లో నూరింది ఆ ఏర్పాటునే. రోజంతా నెమ్మదిగా అందాల్సిన మందు ఒక్కసారిగా కడుపులో పడింది.

డాక్టరుగారు అదే మందును ద్రవరూపంలో రాసిచ్చారు. రోలు మళ్ళీ అల్లం పచ్చడికి వెళ్ళింది.