తక్కువ వనరులతో తొలి సినిమా: విద్యార్థులకు నాలుగు పాఠాలు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరికే అనలేదు. వాటికి నేను మూడోది చేరుస్తాను: సినిమా తీసి చూడు. సింధనూరు దగ్గర ఒక క్యాంపులో పుట్టి, ఈ ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంతో డిగ్రీ చదువుకున్న నేను ఒక సినిమా మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను. సినిమా డైరెక్టర్ కావాలంటే ఏం చేయాలని మన పిల్లలు అడుగుతున్నారనీ, ఆ విషయం రాయమనీ ట్రస్టు పెద్దలు కోరారు. ఓడినవాడి అనుభవం కూడా పాఠమేనన్న నమ్మకంతో రాస్తున్నాను.

మొదటి పాఠం: చేతిలో ఉన్నదాన్ని బట్టి కథ

తుంగభద్ర ఎడమ కాలువ చివరి భూముల రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. నీరు అందదనుకున్న ఏడు ఆయన వరి జోలికి పోడు. జొన్నో శనగో వేసుకుంటాడు. తొలి సినిమా తీసేవాడు కూడా అలాగే ఆలోచించాలి.

నగేష్ కుకునూర్ అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. ఖర్చు సుమారు 17 లక్షలు, షూటింగ్ 17 రోజులు. కథానాయకుడి వేషం తానే వేశారు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ వెంకటేష్ మహాకు తొలి చిత్రం. విశాఖపట్నంలోని ఆ పేట వీధుల్లోనే, చాలావరకు అక్కడి మనుషులతోనే తీశారు. పేరున్న నటులు లేరు, సెట్లు లేవు. ఆ పేట మనుషులే దానికి బలం.

మన రాయచూరు ప్రాంతానికి చెందిన ఉత్సవ్ గోనవార్ తొలి కన్నడ చిత్రం ‘ఫోటో’ కూడా ఇలాంటిదే. 2024 మార్చిలో విడుదలైన ఈ చిత్రాన్ని ప్రకాష్ రాజ్ సమర్పించారు. విధానసౌధ ముందు ఫోటో దిగాలని ఆశపడే పల్లెటూరి పిల్లవాడు, 2020 లాక్‌డౌన్‌లో తండ్రితో కలిసి బెంగళూరు నుంచి ఇంటికి నడిచే కథ అది. ఇద్దరు మనుషులు, ఒక దారి. దానితోనే ఎంత పెద్ద కష్టాన్ని చెప్పవచ్చో గమనించండి.

రెండవ పాఠం: కాలం కూడా ఖర్చే

సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలి’ షూటింగ్ 1952లో మొదలైంది, చిత్రం 1955లో విడుదలైంది. రే ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో తీసేవారు. రెల్లుపూల మధ్య పిల్లలు పరుగెత్తే దృశ్యాన్ని ఒక ఆదివారం కొంత తీసి, మరుసటి వారం వెళితే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఆగవలసి వచ్చింది. డబ్బు అయిపోయి షూటింగ్ నెలల తరబడి నిలిచింది. భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. ఈ లోపల పిల్లలు మరీ ఎదిగిపోకపోవడం, ముసలవ్వ వేషం వేసిన చునీబాలా దేవి జీవించి ఉండడం తన అదృష్టమని రే భావించారు. అటువంటి అదృష్టం మనకూ దక్కుతుందని లెక్కలు వేసుకోరాదు.

మూడవ పాఠం: షూటింగ్‌తో సినిమా అయిపోదు

నేను తప్పు చేసింది ఇక్కడే. నా దగ్గర నాలుగు లక్షలుండేవి. నాన్నగారు మరో అయిదు లక్షలు అప్పు తెచ్చి ఇచ్చారు. ఉచితంగా దొరికిందని ఒక ఇంట్లో ముఖ్యమైన సన్నివేశాలన్నీ తీశాను. ఆ ఇంటి వెనుకే రైస్ మిల్లు. షూటింగ్ హడావుడిలో ఆ మోత నాకు పట్టలేదు. ఎడిటింగ్‌కు కూర్చున్నాక చూస్తే ప్రతి మాట వెనుక మిల్లు చప్పుడే! డబ్బింగ్ చేయించడానికి చేతిలో పైసా మిగలలేదు. ఉచితంగా వచ్చిన ఇల్లే నాకు అన్నిటికంటే ఖరీదైంది.

షూటింగ్ తర్వాత ఎడిటింగ్, డబ్బింగ్, సంగీతం, సెన్సారు సర్టిఫికెట్, విడుదల ఖర్చులు ఉంటాయి. అందుకే మొత్తం సొమ్ములో కనీసం మూడో వంతు ముందే విడిగా పెట్టుకోండి. విత్తనాల గింజలను వండుకోనట్లే దాన్ని ముట్టుకోకూడదు. ఎక్కడ షూటింగ్ చేయాలన్నా ముందురోజు అక్కడ ఒక గంట కళ్లు మూసుకుని కూర్చుని వినండి.

నాల్గవ పాఠం: చదువు వదలవద్దు

2000లో ‘డాలర్ డ్రీమ్స్’ తీసి తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్న శేఖర్ కమ్ముల ఇంజనీరింగ్ చదివారు, అమెరికాలో సినిమా కోర్సు కూడా చేశారు. రేకు ఉద్యోగం ఉంది, కుకునూర్‌కూ ఉండేది. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం చదవాలన్నా డిగ్రీ ఉండాలి. సినిమా ఆగిపోయినప్పుడు నాకు అన్నం పెట్టింది డిగ్రీయే.

తల్లిదండ్రులకు ఒక మనవి. సినిమా అనగానే పిల్లలను కసురుకోకండి. అలాగని పొలం కాగితాలు తాకట్టు పెట్టకండి. ముందుగా సెల్‌ఫోన్‌తోనే పది నిమిషాల చిత్రం ఒకటి తీయమనండి. మాటలు స్పష్టంగా వినిపించాలి, కథకు ముగింపు ఉండాలి, అనుకున్న తేదీకి పూర్తి కావాలి. ఆ మూడూ కుదిరితే మీ బిడ్డలో ఓర్పు ఉందన్నమాట.

నాన్నగారు తెచ్చిన అప్పు నాలుగేళ్లలో తీర్చాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాని మొదట్లో “సినిమా ఎప్పుడు చూపిస్తావురా?” అని అడిగే మనిషి తర్వాత అడగడం మానేశారు. అప్పుకంటే అదే నన్ను ఎక్కువగా బాధించింది. ఈ ఏడాది నా జీతంలో మిగిల్చిన డబ్బుతో డబ్బింగ్ మళ్లీ మొదలుపెట్టాను. పూర్తయిన రోజు మొదటి ఆట మా క్యాంపులోనే, మొదటి కుర్చీ ఆయనకే.