ఉప్పు పాఠం

పిల్లలూ, ముందు ఒక చిన్న పని చేద్దాం. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు వేసి కలపండి. ఉప్పు కనబడదు, కానీ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అంటే ఉప్పు నీటిలో కరిగింది. ఆ నీళ్ళు కొంచెం పళ్ళెంలో పోసి కిటికీ దగ్గర ఎండలో పెట్టండి. కొన్ని రోజులకి నీరు ఆవిరైపోతుంది. పళ్ళెంలో ఉప్పు మిగులుతుంది!

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు రైతులు ఇదే పని ఎకరాల కొద్దీ చేస్తారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని మడుల్లో నింపితే ఎండకి ఆవిరై కల్లుప్పు తేలుతుంది. దాన్ని లాగి కుప్పలు పోస్తారు.

వరి రైతు వాన కోసం చూస్తాడు. ఉప్పు రైతుకి మాత్రం మబ్బు పడితే భయం. వాన కురిస్తే మడిలో ఉప్పు మళ్ళీ కరిగిపోతుంది. పడిన కష్టమంతా నీళ్ళపాలే!

ఉపయోగాలు: ఉప్పు కూరకి రుచినిస్తుంది. ఆవకాయ పాడవకుండా కాపాడుతుంది. అయోడిన్ కలిపిన ఉప్పు గాయిటర్ రాకుండా చేస్తుంది.

అభ్యాసం
1. ఉప్పు రైతుకి వానంటే ఎందుకు భయం?
2. అమ్మమ్మకి గానీ నానమ్మకి గానీ ఫోన్ చేసి, కల్లుప్పు ఏయే వంటల్లో వేస్తారో అడిగి రాయండి.